చెప్పుల్లేని కాలితోటి కొట్టిన గోలు

మొన్న మా మనవరాలు ఫోన్ల ఫుట్‌బాల్ చూస్తుంటే పక్కన కూసొని చింతపండు గింజలు తీస్తున్న. ఆట అయిపోయింది. గెలిచినోళ్ళకు కప్పు ఇయ్యనీకి కోట్లు వేసుకున్న పెద్దమనుషులు నలుగురు మెట్లెక్కి వస్తున్నరు. వాళ్ళు కనబడంగనే అక్కడి జనమంతా ఒక్కటే గొంతుతోటి ఊ... అని అరుసుడు మొదలుపెట్టిన్రు. ఆడినోళ్ళను కాదు, ఓడినోళ్ళను కూడా కాదు, ఆ కోట్లోళ్ళను. నాకు చిత్రమనిపించింది. "ఎందుకే వాళ్ళను గట్ల తిడుతున్నరు? కప్పు ఇయ్యొచ్చినోళ్ళే గద" అన్న. మనవరాలు ఫోన్ల నుంచి తల ఎత్తకుండనే, "అమ్మమ్మా, ఆటను నడిపిస్తమని చెప్పి ఆటను మింగేటోళ్ళు వాళ్ళే. ఏ దేశంల అయినా గంతే. నీకు తెల్వదులే" అన్నది. నా చేతుల గింజ చేతులనే ఉన్నది. నాకు తెల్వదా! బిడ్డా, నువ్వు పుట్టక ముందు, మీ అమ్మ పుట్టక ముందు, మన ఊరికి కరెంటు రాక ముందు నుంచి నాకు తెలుసు. ఆ ఊ... అనే అరుపు నా కడుపుల ఎప్పటి నుంచి ఉన్నదో నీకు తెల్వది.

ఆ మాట చెప్తే అది నోట్‌బుక్కు, పెన్ను తెచ్చి నా ముంగట పెట్టింది. "రాయి" అన్నది. నేను ఆశ్రమ బడిల ఐదు వరకు చదివిన, అది కూడా పూర్తిగ కాదు. సంతకం తప్ప ఇంకోటి రాయక ఎన్నేండ్లయిందో. నాలుగు రోజులు ఆ బుక్కును బియ్యం డబ్బా మీద పెట్టి చుట్టూ తిరిగిన. తప్పులుంటే చదివేటోళ్ళు కడుపుల పెట్టుకోవాలె. మాట మాత్రం తప్పు లేదు, ఎట్ల జరిగిందో గట్లనే రాస్తున్న.

మాది భద్రాచలం దాటి అడవిల రోడ్డు పక్కన ఊరు. ముప్పై ఇండ్లు. వానకాలం జొన్న, వరి, ఎండకాలం తునికాకు, ఇప్పపూలు, మిగిలిన దినాలు మగోళ్ళంతా వెదురు కొట్టుడు. వెదురు లారీలకు ఎత్తితే సారపాక పోయేది, కాయితం మిల్లుకు. మా అన్న వెదురు కొట్టేటోడే. మా బావ, అంటే మా మేనత్త కొడుకు, వాడు కూడా అదే పని. వెదురు కొట్టినంక నేల మీద కొయ్యలు మిగుల్తయి, కత్తి మొనల లెక్క. వాటి మీద దినాం నడిచీ నడిచీ మా మగోళ్ళ అరికాళ్ళు ఎద్దు గిట్టల తీరు అయితుండె. ముల్లు గుచ్చుకుంటే ముల్లే ఇరిగేది. ఇది ఎందుకు చెప్తున్ననంటే, కథంతా ఆ కాళ్ళ మీదనే ఉన్నది.

మా ఊరికి బంతి ఎట్ల వచ్చిందంటే, ఆశ్రమ బడికి తల్లాడ దిక్కు నుంచి ఒక డ్రిల్లు సారు వచ్చిండు. ఆయన బదిలీ అయి పోయేటప్పుడు పాత బంతి ఒకటి మా అన్న చేతుల పెట్టి పోయిండు. అది అప్పటికే సగం చచ్చిన బంతి. కుట్లు ఊడితే మా అత్త, అంటే బావ తల్లి, అడ్డాకు తీగ నార పేని, గోనె సూదితోటి కుట్టేది. గాలి పోతే సైకిలు పంపు కోసం మూడు మైళ్ళు పోయి కొట్టిచ్చుకొని వచ్చేటోళ్ళు, వచ్చేదాంక ఊపిరి బిగబట్టుకొని. రోడ్డు పక్కన కోసిన చేన్ల వెదురు పాతి గోలు కట్టిన్రు. పొద్దంతా వెదురు కొట్టి వచ్చినోళ్ళు పొద్దు గూకేదాంక మళ్ళ బంతిని కొట్టేటోళ్ళు. మా అత్త గట్టు మీద కూసొని ఆకు చుట్టకు నిప్పు పెట్టుకుంటా, "వీళ్ళకు అన్నం ఎక్కువయింది, రేపటి సంది తగ్గిస్త" అనేది. కానీ కుట్లు ఊడితే సూది తెచ్చేది ఆమెనే.

మా అత్త గురించి ఒక మాట చెప్పాలె. బడి మొకం చూడలే. ఊర్ల ఆడోళ్ళకందరికి ఆమె మాటే మాట. నవ్వకుండ నవ్విచ్చేది. ఒకసారి ఫారెస్టు ఆయన వచ్చి, "ఈ అడవి గవర్నమెంటుది" అంటే, "అవ్ సారు, మరి నీ గవర్నమెంటుకు చెప్పు, ఎలుగుబంటి మా చేన్లకు వస్తున్నది, కట్టేసుకోమను" అన్నది. ఆయన రాసుకొని పోయిండు కూడా.

ఆ ఏడు తాలూకా కప్పు అని ఆటలు పెట్టిన్రు, సారపాక దిక్కు గ్రౌండుల. ఆటలు పెట్టేటోళ్ళ సంఘం ఒకటి ఉండె. దానికి సెక్రటరీ సారు అని ఒకాయన. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, మెడల ఎర్ర రిబ్బను. ఆయన బంతిని తన్నంగ చూసినోళ్ళు ఎవరు లేరు. కానీ గ్రౌండుల కుర్చీ ఆయనది, గొడుగు ఆయనది, మైకు ఆయనది, రిఫరీ ఊదే విజిలు కూడా ఆట అయినంక ఆయన జేబులకే పోయేదట. ఆయన మేనల్లుడు ఒక టీముకు కెప్టెను. వాళ్ళకు చారల బనీన్లు, మోకాళ్ళ దాంక సాక్సులు, మేకుల బూట్లు. మావోళ్ళకు మేము ఆడోళ్ళం మోదుగుపూలు ఉడకబెట్టి రంగు అద్దిన బనీన్లు. అవి ఒక్కోటి ఒక్కో రంగు వచ్చినయి. ఒకటి పసుపు, ఒకటి కాషాయం, మా బావది మాత్రం ఏ రంగు కాదు. వాడు గోలు కాడ నిలబడేటోడు. "నేను యాడ నిలబడ్డనో బంతికి కనబడొద్దని గిట్ల అద్దినవా?" అని నా మీద ఎగిరిండు. గెలిచిన టీములనుంచి ఇద్దరిని ఖమ్మం పంపిస్తం, జిల్లా టీముల ఆడిపిస్తం అని సెక్రటరీ సారు మైకుల చెప్పిండట. మా అన్న ఖమ్మం ఎన్నడు చూడలే. ఆ మాట విన్నకాడ నుంచి వెదురు కొట్టంగ కూడా ఒంటికాలి మీద గెంతుతుండె.

మావోళ్ళు మూడు ఆటలు గెలిచిన్రు. మూడు ఆటలు ఉత్త కాళ్ళతోటే. ఎవ్వరు ఏం అనలే. సెక్రటరీ సారు కుర్చీల కూసొని చప్పట్లు కూడా కొట్టిండట. ఇది యాది పెట్టుకోండ్రి.

కడసారి ఆట పడ్డది భూమి పండుగ దినాలల్ల. ఆ పండుగను మేము పండుం అంటం. తొలకరికి ముందు విత్తనాలకు చేసేది. ఆ దినాలల్ల మగోళ్ళు అడవికి వేటకు పోతరు. ఆడోళ్ళు రోడ్డుకు తాడు అడ్డం కట్టి, రేల పాటలు పాడుకుంటా, వచ్చే పోయే బండ్లను ఆపుతరు. రూపాయో అర్ధో ఇస్తేనే దారి. ఎంత పెద్ద మనిషైనా ఆ దినాలల్ల ఆడోళ్ళ తాడు దాటి పోవద్దు. వేట తెచ్చినోడి చేతులతోటే ఊరి మొదటి విత్తనం పెట్టిస్తరు. కుందేలైనా, అడవికోడి అయినా, ఏదో ఒకటి తేవాలె. ఉత్త చేతులతోటి వచ్చినోడికి ఊరి మొగదలనే పేడనీళ్ళు. నెత్తి మీద పోస్తరు. వాడు మాట్లాడొద్దు, తుడుసుకొని పోవాలె. ఆ ఏడు వాడు విత్తనం ముట్టొద్దు.

వేటకు పోకుండ ఆటకు పోతమంటే ఊరి పెద్ద ఒప్పుకోలే. మా అత్తనే అడ్డం వచ్చి చెప్పింది. "వీళ్ళకు ఈ ఏడు అదే వేట. కప్పు తెస్తే వేట తెచ్చినట్టే. తేకపోతే తేనట్టే. పేడనీళ్ళు నేనే కలుపుత." అందరు నవ్విన్రు. మా అన్న కూడా నవ్విండు. "కలిపి పెట్టు అత్తా, మా బావ మీద పోద్దువు గని" అన్నడు.

ఆట అయిన మరునాడు పొద్దున వెదురు లారీ ఒకటి మావోళ్ళను రోడ్డు మీద దింపి పోయింది. మేము తాడు కాడ ఉన్నం. పదకొండు మంది దిగిన్రు, వరుసగ నడిచి వస్తున్నరు. ముంగట మా అన్న. నేను కప్పు కోసం చూసిన. చేతుల్ల లేదు. చంకల లేదు. బావ చేతుల బంతి ఒక్కటే ఉన్నది. తలకాయలన్ని కిందికి ఉన్నయి. ఆడోళ్ళల్ల ఎవరో, "ఉత్త చేతులే!" అని కేక పెట్టిన్రు. గంతే. కుండ నా కాడనే ఉండె. నాకు పదహారేండ్లు, పండుగ ఊపుల ఉన్న, అన్న అని చూడలే. అన్న కాబట్టే ఇంకింత ముందు ఉరికిన. కుండెడు పేడనీళ్ళు నెత్తి మీద నుంచి పోసిన. నేను అద్దిన బనీను మీద నుంచి కారినయి. ఆడోళ్ళంతా పకపక నవ్వుతున్నరు, "కప్పు ఏది బావా? లారీల మర్చినవా? గోదాట్ల పడ్డదా?" అని ఒకటే పరాచకాలు. మా అన్న నా మొకం దిక్కు ఒక్కసారి చూసిండు. కండ్లల్ల పేడ తుడుసుకున్నడు, ఇంట్లకు పోయిండు. పండుగల పేడనీళ్ళు పడ్డోడు తిడతడు, ఉరికిస్తడు, తుదకు నవ్వుతడు. గట్ల నడిచి పోయినోడిని నేను అంతకుముందు చూడలే.

బావ నా ఎనుక వాగు దాంక వచ్చిండు. నేను కుండ కడుగుతున్న. వాడు కూడా తల కడుక్కొని, నీళ్ళల్లనే కూసొని అన్నడు. "పిల్లా, ఓడిపోలేదు మేము. గెలిచినం."

"మరి కప్పేది?" అన్న.

అప్పుడు చెప్పిండు. ఆట అయిపోయేముందు మా అన్న గోలు కొట్టిండట. సగం గ్రౌండు నుంచి ఒక్కడే బంతిని తీసుకపోయి, సెక్రటరీ మేనల్లుడిని పక్కకు తప్పిచ్చి, ఎడమకాలితోటి కొడితే బంతి మూలల పడ్డదట. రిఫరీ విజిలు ఊదిండు. జనం గంతులేసిన్రు. మిల్లు కాడ పని చేసేటోళ్ళు లోపలికి ఉరికొచ్చి మా అన్నను భుజాల మీద ఎత్తుకున్నరు. ఆట అయిపోయింది. అందరు కప్పు కోసం నిలబడ్డరు. అప్పుడు సెక్రటరీ సారు రిఫరీని బల్ల కాడికి పిలిచిండు. ఏదో చెవుల చెప్పిండు. జోలెలకెళ్ళి ఒక చిన్న పుస్తకం తీసిండు. మైకు అందుకున్నడు. బూట్లు లేని కాలితోటి కొట్టిన గోలు చెల్లదు అన్నడు. రూలు తప్పిన టీము ఓడినట్టే, ఎదుటి టీమే గెలిచింది అన్నడు. కప్పు తీసి మేనల్లుడి చేతుల పెట్టిండు.

"మీ అన్న బల్ల కాడికి పోయిండు" అన్నడు బావ. "చేతులు కట్టుకొనే అడిగిండు. గోలు అందరు చూసిన్రు గద సారు, మూడు ఆటలు ఉత్త కాళ్ళతోటే ఆడినం గద, ముందు ఎందుకు చెప్పలే అన్నడు. గాయన మైకు పక్కకు పెట్టకుండనే అన్నడు, 'రూలు రూలే. చదువుకున్నోళ్ళకు తెలుస్తది. మీరు పోయి వెదురు కొట్టుకోండ్రి.' గ్రౌండంతా ఇన్నది పిల్లా. కొంతమంది నవ్విన్రు కూడా."

నా చేతుల కుండ జారి వాగుల పగిలింది. అప్పటిదాంక నాకు సెక్రటరీ అంటే ఎవరో కూడా తెల్వదు. ఆ ఒక్క మాటతోటి వాడు నా ఇంటి మనిషైండు. తినంగ, తాగంగ వాడే కండ్ల ముంగట. గెలిచి వచ్చినోడి నెత్తి మీద పేడ పోసింది నేనే. పోసింది నా చెయ్యి, పోపిచ్చింది వాడు. ఊరికి చెప్పినం, పేడనీళ్ళు తప్పు పడ్డయి అని. ఊరి పెద్ద తల ఊపిండు కానీ, "కప్పు రాలే గద. ఆ పెద్దమనిషే గోలు కాదన్నడంట. మనం అయిందని ఎట్ల అంటం? విత్తనం వేరేవాడు పెడతడు" అన్నడు. మా అన్న అరుగు మీదకు కూడా రాలే. మా అత్త చుట్ట తాగుతా ఇన్నది, బావను మళ్ళమళ్ళ అడిగింది. వాడు ఏమన్నడు, మా అన్న ఏమన్నడు, ఏ మాట ముందు, ఏ మాట ఎనుక.

ఆ మరునాడు నడి మధ్యాహ్నం. రోడ్డు పెనం లెక్క కాలుతున్నది. తాడు కాడ ఇరవై మంది ఆడోళ్ళం ఉన్నం. భద్రాచలం దిక్కు నుంచి ఒక జీపు వచ్చింది. బావ చింతచెట్టు నీడల కూసొని ఉన్నోడు లేచి నిలబడ్డడు. "బావా" అని నేను పిలిచిన, వాడు నా దిక్కు చూడలే. "గాడే" అన్నడు మెల్లగ. ముంగట సీట్ల తెల్ల ప్యాంటు. ఎనుక సీట్ల మీద తువ్వాల చుట్టిన కప్పు, మూత పైకి కనబడుతున్నది. అడవి బంగళాల గెలిచినోళ్ళకు విందు ఉన్నదట, పెద్ద ఆఫీసర్లు వస్తున్నరట, ఈయన కప్పు తీసుకొని అక్కడికి పోతున్నడట. డ్రైవరు నవ్వుకుంటా చెప్పిండు.

సెక్రటరీ సారు ఐదు రూపాయల నోటు తీసి బయటికి చాపిండు. "జల్దీ తియ్యుండ్రి, టైం అయితున్నది."

మా అత్త నోటు ముట్టలే. "పైసలు ఒద్దు దొరా. మీరు ఆటల పెద్దమనుషులంట గద. మా ఆడోళ్ళు ఎన్నడు ఆట చూడలే. ఒక్క గోలు కొట్టి పోండ్రి. కొడితే దారి ఇస్తం."

డ్రైవరు కిసుక్కున నవ్విండు. ఇరవై మంది ఆడోళ్ళు రేల పాట ఎత్తుకొని జీపు చుట్టూ తిరుగుడు మొదలుపెట్టిన్రు. ఆయనకు వేరే దారి లేదు. పండుగ దినాలు, తాడు తెంపుకొని పోతే ఎనుకకు అదే తొవ్వల రావాలె. నవ్వు మొకం పెట్టుకొని దిగిండు. చేను గట్టు కాడికి వచ్చినంక మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "దొరా, బూట్లు ఇడువాలె. పండుగ దినాలల్ల విత్తనం చల్లే నేల మీదకు చెప్పులతోటి రావొద్దు."

"ఇదేం రూలు?" అన్నడు.

"రూలు రూలే" అన్నది మా అత్త. ఆమె మొకంల నవ్వు లేదు.

ఇడిసిండు. తెల్ల బూట్లు, వాటి లోపట తెల్ల సాక్సులు, వాటి లోపట ఇంకా తెల్లటి కాళ్ళు. ఎండ చూడని కాళ్ళు, పసిపిల్లల పాదాల తీరు. కోసిన చేను, జొన్న మోళ్ళు, నడి ఎండ. మొదటి అడుగుకే "అబ్బ!" అని ఎగిరిండు. రెండో అడుగుకు ఇంకో కాలు ఎత్తిండు. కొంగ తీరు నిలబడి ఏ కాలు దించాలెనో తెల్వక చూస్తున్నడు. మా ఆడోళ్ళు పాట ఆపి నవ్విన నవ్వు ఇప్పటికి నా చెవుల్ల ఉన్నది. పాపం అనిపించలేదా అని మనవరాలు అడిగింది. అనిపించలే. ఇంకో వంద గజాలు నడిపిస్తే బాగుండనిపించింది.

గోలు కాడ నేను నిలబడ్డ. ఎవరు చెప్పలే, నేనే పోయిన. కొంగు నడుముకు చుట్టి, చేతులు చాపి. మనసుల ఒక్కటే, వీన్ని సాయంత్రం దాంక ఈ ఎండల నిలబెట్టాలె. మొదటిసారి తన్నిండు. కాలు బంతికి తగలలే, ఎల్లెలుకల పడ్డడు. తెల్ల ప్యాంటు ఎర్రగైంది. రెండోసారి తన్నితే బంతి గట్టు మీద కూసున్న మేకకు తగిలింది. "మేకను ఓడిచ్చిండు" అన్నది ఎవరో. అప్పుడు ఆయనకు రోషం వచ్చింది. నవ్వు మొకం పోయింది. మూడోసారి పండ్లు బిగబట్టి ఉరికొచ్చి బొటనవేలితోటి పొడిసిండు. బంతి నేల రాసుకుంటా, నా చెయ్యికి, వెదురుకు నడుమ నుంచి లోపలికి పోయింది.

గోలయింది. నా పాణం పోయినట్టయింది. ఆయన కాలు పట్టుకొని గెంతుతనే, "కొట్టిన! కొట్టిన! తియ్యి తాడు!" అని అరుస్తున్నడు. పిల్లగాడి లెక్క సంబరం. నేను మట్టిల పడి ఉన్న. నా కండ్లల్ల నీళ్ళు.

మా అత్త చుట్ట నోట్లకెళ్ళి తీసింది. "చెల్లదు" అన్నది.

"ఏంది?"

"ప్యాంటు ఏసుకొని కొట్టిన గోలు చెల్లదు దొరా."

ఆయన మొకం ఎర్రగైంది. "ముందు ఎందుకు చెప్పలే? మూడుసార్లు తన్నంగ చూసుకుంటా ఊకున్నరు గద! గోలు అందరు చూసిన్రు! అయినంక రూలు తెస్తే ఎట్ల చెల్లుతది? ఇది అన్యాయం!"

బావ నా దిక్కు చూసిండు, నేను బావ దిక్కు చూసిన. గొడవ ఇని వచ్చి ఊరి పెద్ద గట్టు మీద నిలబడి ఉన్నడు. మా అత్త ఆయన దిక్కు తిరిగింది. "ఇన్నవా అన్నా? ఆటల పెద్దమనిషి తన నోటితోటే చెప్పిండు. అందరు చూసిన గోలు గోలే, అయినంక తెచ్చిన రూలు చెల్లదు. అయితే మొన్న మా వాడు కొట్టింది ఏంది? గోలా, కాదా?"

అప్పుడు సెక్రటరీ సారుకు బావ కనబడ్డడు. ఆ ఏ రంగు కాని బనీను కనబడ్డది. ఇది ఏ ఊరో, తను ఎవరి చేన్ల నిలబడ్డడో అప్పుడు తెలిసింది. బూట్లు ఇడిసిన గట్టు దిక్కు అడుగు ఏసిండు. ఊరి పెద్ద గొంతు సవరించుకొని, "గోలే" అన్నడు. "వేట వచ్చినట్టే. విత్తనం వాడే పెడతడు."

మా అన్న ఎప్పుడు వచ్చిండో, జనం ఎనుక నిలబడి ఉన్నడు. పేడనీళ్ళు పడ్డకాడ నుంచి అప్పుడే బయటికి వచ్చిండు. ఇప్పుడు వాడు సెక్రటరీని ఏమంటడో అని అందరం చూస్తున్నం. వాడు తిన్నగ రోడ్డు కాడికి పోయి తన చేతులతోటే తాడు ఇప్పిండు. "సారు గోలు కొట్టిండు. మూడోది మంచిగనే కొట్టిండు. దారి ఇయ్యుండ్రి" అన్నడు. గంతే అన్నడు. సెక్రటరీ సారు బూట్లు చేతుల పట్టుకొని, కుంటుకుంటా వాని పక్కనుంచి పోయిండు. మొకం ఎత్తి చూడలే.

మా అన్న ఇడిసిపెట్టిండు. నేను ఇడువలే. అందరు గట్టు కాడ ఉన్నరు, డ్రైవరు కూడా అక్కడనే నిలబడి ఇంకా పండ్లు ఇకిలిస్తున్నడు. తాడు కాడ కొత్త కుండల పేడనీళ్ళు కలిపి ఉన్నయి, అడవికి పోయినోళ్ళ కోసం. చెంబెడు ముంచిన. జీపు ఎనుకకు పోయిన. తువ్వాల జరిపి, కప్పు మూత తీసి, చెంబెడు ఒంపిన. మూత పెట్టి, మళ్ళ తువ్వాల చుట్టిన. గట్టిగ ముడి కూడా ఏసిన, దారిల ఒలకొద్దని. నా అన్న నెత్తి మీద పడ్డది ఎవరి నెత్తి మీద పడాల్నో గక్కడికి పంపిన.

పది దినాలకు ఆ డ్రైవరే మళ్ళ అటు పోతా మా ఊరి కాడ ఆగిండు. నీళ్ళు అడిగి తాగిండు. తాగుతా తాగుతా పొలమారేదాంక నవ్విండు. బంగళాల విందుల ఆఫీసర్లంతా కూసున్నరట. సెక్రటరీ సారు మెడల రిబ్బను సర్దుకొని కప్పు గురించి మాట్లాడి, నెత్తి మీదకు ఎత్తి, అందరికి కనబడాలని పక్కకు ఒంచి చూపిచ్చిండట. మూత జారింది. "అమ్మా, ఆ వాసన నా జీపుల ఇంకా పోలే" అన్నడు. మా అన్న అక్కడనే గొడ్డలి నూరుతున్నడు. ఇన్నడు. నవ్వలే. లేచి ఇంటి ఎనుకకు పోయిండు. కొంచెంసేపటికి నేను పోయి చూస్తే గోడకు తల ఆనిచ్చి నిలబడి ఉన్నడు, భుజాలు కదుల్తున్నయి. ఏడుస్తున్నడా అని భయపడ్డ. కాదు. నవ్వుతున్నడు, చప్పుడు లేకుండ, కడుపు పట్టుకొని. నన్ను చూసి, "నీ చేతిల బలం ఉన్నదే, రెండుసార్లు సూటిగ పోసినవు" అన్నడు. తప్పు పోసిన నీళ్ళ గురించి మా నడుమ వచ్చిన మాట గదొక్కటే.

అంతకుముందే విత్తనాల దినం నాడు మా అన్న మొదటి విత్తనం పెట్టిండు. గంప ఎవరు పట్టుకోవాలె అంటే నన్ను పిలిచిండు. వాడు చెయ్యి గంపల ముంచినప్పుడల్ల జొన్నల చప్పుడు, నాకు అప్పుడు ఇనబడ్డ చప్పట్లు అవే.

ఇక్కడితోటి ఆపితే కథ బాగుంటది. కానీ జరిగింది రాస్తనని చెప్పిన గద. ఆ తర్వాత ఏడు మా ఊరి టీముకు పిలుపు రాలే. దాని తర్వాత ఏడు రాలే. పేరు రాయిద్దామని పోతే, "మీ ఊరి పేరు పుస్తకంల లేదు" అన్నరు. ఆ పుస్తకం ఆయన జోలెలనే ఉండె. ఇరవై ఏండ్లు ఆయనే సెక్రటరీ. మా అన్న ఖమ్మం ఆటకు పోలే. ఖమ్మం చూసిండు, దవాఖానాకు తీసుకపోయినప్పుడు, తుది దినాలల్ల. బస్సు కిటికీలకెళ్ళి ఒక గ్రౌండు కనబడితే, గోలు ఇనుపది, తెల్ల రంగు వేసి ఉన్నది, "గిదేనా" అని అడిగిండు. నేను అవ్ అన్న. అదేనో కాదో నాకు తెల్వదు.

నేను ఆ చెంబెడు నీళ్ళు పోయకుంటే వాళ్ళు మళ్ళ పిలుస్తుండిరా? మా బావ, వాడే తర్వాత నా పెనిమిటి అయిండు, పిలిచేటోళ్ళు కాదు అనేటోడు. బంతి మేకకు తగిలినప్పుడే మన పేరు కొట్టేసిండు అనేటోడు. నన్ను ఊకోబెట్టనీకి అన్నడేమో. ఎన్నోసార్లు ఆలోచన చేసిన. చేసినప్పుడల్ల తుదకు ఒకటే తేలింది. ఆ కప్పు మళ్ళ నా ముంగట పెడితే మళ్ళ పోస్త. ఈసారి అంచు దాంక పోస్త.

సెక్రటరీ సారు కూడా కాలం చేసిండు. సారపాక పోయినప్పుడు చూసిన, గ్రౌండు కాడ గోడ మీద ఆయన ఫొటో ఉన్నది, దండ ఏసి. బంతి తన్నినట్టు బొమ్మ కూడా గీసిన్రు, బూట్లతోటి. నేను చానాసేపు దాని ముంగట నిలబడ్డ. ఎవరో పిల్లలు, "అవ్వా, దండం పెడుతున్నవా?" అని అడిగిన్రు. "లేదు, ఈయన గోలు నేను ఆపలేకపోయిన" అని చెప్పిన. పిల్లలు నా మతి పోయిందనుకొని పోయిన్రు.

మా మనవరాలు ఫోన్ల ఒక్క గోలును పదిసార్లు చూస్తది. ఎనుకకు జరుపుతది, ముందుకు జరుపుతది, మెల్లగ నడిపిస్తది. ఎవరన్న కాదంటే గదిగో చూడు అని చూపిస్తది. మా అన్న గోలు ఏ ఫోన్ల లేదు. చూసినోళ్ళు ఒక్కొక్కరే పోయిన్రు. బావ పోయిండు, అత్త పోయింది, భుజాల మీద ఎత్తుకున్న మిల్లోళ్ళు ఏమైన్రో. నేనైతే ఆ ఆట చూడనే లేదు, ఆ టైంల ఇంటి కాడ పేడ కలుపుతున్న. అయినా కండ్లు మూస్తే వాడు ఇంకా ఉరుకుతనే ఉన్నడు, ఉత్త కాళ్ళతోటి, మోదుగు బనీనుతోటి, ఎడమకాలు ఎత్తుతున్నడు. ఇన్నేండ్లకు వానికి వయసు రాలే, బంతికి గాలి పోలే, ఆపే విజిలు మాత్రం ఇప్పుడు ఎవరి జేబుల లేదు.